దొడ్లో చీమల బారు

మా నాయనమ్మకు చక్కెర జబ్బు. రోజూ మజ్జిగలో నేరేడు గింజల పొడి కలుపుకుని తాగుతుంది. మందు పనిచేస్తోందో లేదో దొడ్లో మూత్రం పోసిన చోట చీమలను చూసి తేలుస్తుంది. కొన్నాళ్లుగా అవి రావడం లేదు.

ఈ రోజు పొద్దున మళ్లీ నల్లటి బారు కనిపించింది. నాయనమ్మ గుమ్మంలోకి రాగానే ముందూ వెనకా ఆలోచించకుండా ఆటపట్టించాను.

"నాయనమ్మా, నీ పొడి ఉత్తదే! చీమలు మల్ల అచ్చినయ్."

ఆమె నవ్వలేదు. "నేను రాత్రి కొత్తవాడల మీ అత్త ఇంట్ల ఉంటి. మీ అమ్మనాయినలు మేడారం పాయిరి. ఇంట్ల నువ్వొక్కదానివే గద బిడ్డా."

నా చేతిలో అప్పుడే మళ్లీ నింపుకున్న నీళ్ల చెంబు ఉంది.

ఆమె తన మజ్జిగ కలుపుకుని, ఇంకో గ్లాసు తీసి, అందులోనూ పొడి కలిపింది. తాగేశాను. సాయంత్రమైంది, దాహం తీరలేదు. రేపు దవాఖానకు వెళ్తాను. బీయస్సీ చదివిన నేను చీమల మాట నమ్మాలా? మీరైతే ఏం చేస్తారు?