గమ్మునుండు

ఈ పొద్దు వారపత్రికలో నా కథ వచ్చింది. అందులో మొగుడు అదేపనిగా సణుగుతుంటే పెండ్లాం "నువ్వు గమ్మునుండు" అంటాది. మా చిత్తూరులో అట్లంటే నోరు మూసుకోమని. అచ్చులో చూస్తే "నువ్వు త్వరగా ఉండు" అని ఉండాది.

పత్రికాఫీసుకు ఫోన్ చేసినాను. సబ్ ఎడిటర్‌ది గోదావరి వైపు.

"గమ్మున అంటే త్వరగా అనే కదండీ? మేం గమ్మున రా అంటాం. యాస అందరికీ అర్థం కాదని నేనే మార్చానండీ" అన్నాడు, మేలు చేసినవాడి మాదిరి.

"త్వరగా ఎట్లుంటారప్పా మనుషులు?" అని గొంతు పెంచినాను.

వంటింట్లోంచి మా ఆవిడ అరిచింది: "అచ్చేసినారు గదా, ఇంక గమ్మునుండబ్బా!"

ఫోన్ పెట్టేసి త్వరగా ఉన్నాను. మీ ఇండ్లలో ఎవరెవరు త్వరగా ఉంటారో చెప్పండి.