తోక బాబాయ్ ఎక్కని మెట్లు

కొండ ఊళ్లు చూపించే నాలుగు రోజుల యాత్రలో ముందు నడిచేవాళ్లకు చేతిలో జెండా ఉంటుంది, మెడలో మైకు ఉంటుంది, నలుగురూ తలతిప్పి వినే హోదా ఉంటుంది. వెనక నడిచేవాడికి ఏమీ ఉండదు. అందరికన్నా చివర నడవడమే అతని పని. తన వెనక మనిషన్నవాడు మిగలకూడదు, అంతే. బొమ్మల దుకాణం ముందు గుడ్లప్పగించి నిలబడ్డవాళ్లనీ, చెప్పు తెగినవాళ్లనీ, ఫొటోలో ముఖం సరిగ్గా రాలేదని అదే గోడ ముందు మళ్లీ మళ్లీ నవ్వేవాళ్లనీ బతిమాలి, బుజ్జగించి మందలో కలపాలి. ఇరవై ఏళ్లకు పైగా ఆ పని చేసి చేసి ఒకాయనకు సొంత పేరు అరిగిపోయింది. కంపెనీ యజమాని నుంచి బస్సు డ్రైవరు దాకా అందరికీ ఆయన తోక బాబాయే.

వెనక నడిచేవాడి చదువే వేరు. ముఖాలు గుర్తుండవు, వీపులు గుర్తుంటాయి. ఏ మోకాలు ఏ మలుపు దగ్గర మొరాయిస్తుందో, ఏ మొగుడూ పెళ్లాం పొద్దున్నే పోట్లాడుకుని బయల్దేరారో వీపు చూసి చెప్పేస్తాడు. ముందు గైడు చెప్పే రాజుల కథలు మాత్రం ఆయన దాకా వచ్చేసరికి సగం గాలికి పోతాయి. ఎవరు ఎవరిని గెలిచారో ఇప్పటికీ ఆయనకు తెలియదు. తెలుసుకుని చేసేదేముంది, ఇద్దరూ పోయారు కదా అంటాడు.

నాలుగో రోజుది చివరి ఊరు. బస్టాండు నుంచి కొండకొన మీది కోట దాకా రాతిమెట్లు. సగం దారిలో వెడల్పాటి అరుగు, దాన్ని ఆనుకుని ఒక టీ బండి. ఎక్కలేనివాళ్లు అక్కడ కూలబడతారు. వాళ్లకు తోడుగా తోక బాబాయ్ ఆగాలి. లోకంలో దేనికైనా కరువు రావచ్చు కానీ మోకాళ్ల నొప్పులకు రాదు. ప్రతి యాత్రలోనూ ఎవరో ఒకరు కూలబడ్డారు, ప్రతిసారీ ఆయన ఆగిపోయాడు. అలా ఇన్నేళ్లలో ఆ అరుగు దాటి ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు.

ఈ సంగతి భార్యకు తెలియదు. పెళ్లయిన కొత్తలో, పైన ఏముంటుందండీ అని ఆమె అడిగింది. టీ బండి దగ్గర కూర్చుని వచ్చానని కొత్త పెళ్లాంతో ఏ మగాడు చెబుతాడు? దిగివచ్చేవాళ్ల నోట విన్న ముక్కలన్నీ ఒకదానికొకటి అతికించి చెప్పాడు. నాలుగు రోజులూ తిరిగిన ఊళ్లన్నీ పైనుంచి ఒక్కచోట కనిపిస్తాయన్నాడు. మబ్బులు కాళ్ల కింద నుంచి పోతాయన్నాడు. గోడ దగ్గర నిలబడి మెల్లగా ఒక పేరు పలికితే అవతలి కొండ దాన్ని తిరిగి పలుకుతుందన్నాడు. మొత్తానికి అరచేతిలో వైకుంఠం చూపించాడు. ఆమె నమ్మింది. తరువాత సెలవు రోజున తనే వెళ్లి చూసి రావచ్చు కదా అని ఎవరైనా అడిగితే, నిజమే, రావచ్చు. కానీ ఒకసారి చెప్పేశాక వెళ్లి చూడాలంటే ఆయనకు భయం వేసింది.

అబద్ధాన్ని మర్చిపోయేంత కాలం గడిచాక ఆమెకు జబ్బు చేసింది. మొదట దగ్గు, తరువాత ఆయాసం, ఆ తరువాత వంటగది నుంచి వాకిట్లోకి రావడానికి మధ్యలో ఒకసారి గోడ పట్టుకోవడం. ఊపిరితిత్తులు బిగుసుకుపోతున్నాయనీ, బిగిసింది మళ్లీ వదలదనీ డాక్టరు చెప్పాడు. ఆస్పత్రి వరండాలో నంబరు పిలిచే దాకా పూటంతా కూర్చోవాలి. అక్కడ ఆమె కళ్లు మూసుకుని, "ఏదీ, ఆ కొండ సంగతి చెప్పండి" అనేది. ఆయన చెప్పేవాడు. చెప్పినన్నిసార్లూ ఒక మబ్బు ఎక్కువే వేసేవాడు. ఆమె ఊపిరి కాస్త కుదుటపడేది. మందులు చేయని పని ఆ కథ చేస్తోందని ఆయనకు తెలుసు.

ఒకరోజు డాక్టరు గదిలోనే ఆమె అడిగింది. "ఈయన తిరిగే కొండలు ఒక్కసారి చూసి రావచ్చా డాక్టరుగారూ?"

వద్దంటాడని తోక బాబాయ్ గంపెడాశ పెట్టుకున్నాడు. డాక్టరు కాగితాల మీంచి తల ఎత్తకుండా, "వెళ్లాలనుంటే వెళ్లి రండమ్మా. మానేసినా పెద్ద తేడా ఏమీ ఉండదు" అన్నాడు. ఆ రెండో మాట దగ్గరే తోక బాబాయ్ ఆగిపోయాడు. ఆమె మాత్రం మొదటి మాటే విన్నట్టు చీరలు సర్దుకుంది.

మూడు రోజులు బాగానే గడిచాయి. డ్రైవరు తన వెనక కిటికీ సీటు ఆమెకు ఇచ్చాడు. చెక్క మిద్దెల వీధి, గంటల స్తంభం, మూతపడిన సొరంగం, ఏది కనిపించినా ఆమె గైడుకన్నా ముందే చెప్పేసేది. జెండా పట్టుకున్న గైడు అమ్మాయి, "పిన్నీ, నా ఉద్యోగానికి ఎసరు పెట్టేటట్టున్నారు" అని నవ్వేది. అవన్నీ తోక బాబాయ్ కళ్లారా చూసి చెప్పినవే కాబట్టి ఒక్కటీ తప్పు పోలేదు. ప్రతి ఊళ్లోనూ ఆమె వెనక్కి తిరిగి, మీరు చెప్పినట్టే ఉంది సుమండీ అన్నట్టు చూసేది. ఆ చూపుకు ఆయన తల దించుకునేవాడు.

పని నియమం ప్రకారం ఆమె ముందు, ఆయన వెనక. పొయ్యి ముందు నిలబడ్డ ఆమె వీపును ఎన్నేళ్లుగానో చూస్తున్నాడు కానీ, నడుస్తున్న ఆ వీపును చూడటం ఇదే మొదలు. ఊపిరి పీల్చినప్పుడల్లా భుజాలు పైకి లేస్తున్నాయి, రవిక వదులై ఒక పక్కకు జారుతోంది. ఎన్నో వీపులు చదివినవాడికి ఇదొక్కటి చదవడం కష్టం కాలేదు. డాక్టరు దాచినదేమీ లేదనిపించింది.

చివరి ఊళ్లో ఆమె అరుగు దాకా ఎక్కింది, అదే గొప్ప. అక్కడ కూలబడింది. టీ బండి ఆవిడ వేడినీళ్లు తెచ్చి, "మెల్లగా తాగు వదినా" అంది. ఒకప్పుడు ఇక్కడ మనుషుల్ని మోసే డోలీలు ఉండేవి, ఎవరో జారిపడ్డాక మాన్పించారు. ఇక పైకి వెళ్లే దారి లేదు. ఆ మాట ముగ్గురికీ తెలుసు.

గైడు అమ్మాయి కిందికి దిగి వచ్చింది. "బాబాయ్, వెనక నేను చూసుకుంటాలే. నువ్వు పిన్ని దగ్గర ఉండు."

తోక బాబాయ్‌కి ప్రాణం లేచి వచ్చింది. లేచి వచ్చినందుకు సిగ్గు కూడా వేసింది. అరుగు మీద కూర్చోబోయాడు.

"మీరు కూర్చోవడం దేనికి?" అంది భార్య. "ఈవిడ ఉందిగా నాకు. వెళ్లండి. నా వంతు కూడా మీరే చూసి రండి."

"ఎప్పుడూ చూసేదే కదా."

"ఇవాళ నాకోసం చూడండి."

ఆయన ఎక్కాడు. తన కాళ్ల కింద కొత్త మెట్లు. అరుగు కింది మెట్లన్నీ అరికాళ్లకు తెలుసు, ఇవి తెలియవు. ఒకచోట తడబడ్డాడు కూడా. ఎక్కుతున్నంతసేపూ ఒకటే కోరుకున్నాడు. తాను చెప్పినవాటిలో ఒక్కటైనా పైన ఉండాలి, ఆ ఒక్కటి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాలి.

పైన ఒక చదును నేల, సగం కూలిన గోడ. గోడ మీద నిలువెత్తు ఇనుప వల కట్టారు, దాని వెనక సెల్‌ఫోన్ టవరు. వలలోంచి తొంగిచూస్తే ఎదురుగా ఇంకో కొండ, దానిలో సగాన్ని కంకర క్వారీ తినేసింది. తిరిగిన ఊళ్లన్నీ ఆ కొండకు అవతల ఉన్నాయి, ఎంత మెడ చాచినా కనిపించవు. మబ్బులు ఉన్నాయి కానీ ఎక్కడి మబ్బులు అక్కడే, నెత్తిమీదే ఉన్నాయి. ఎవరూ చూడకుండా గోడ దగ్గరికి వెళ్లి భార్య పేరు మెల్లగా పలికాడు. మళ్లీ గట్టిగా పలికాడు. క్వారీలో రాయి కొట్టే యంత్రం చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

పక్కనే ఒకాయన రొప్పుతూ ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. "అబ్బ, ఏం చెప్పమంటావు, చూసి తీరాల్సిందే." ఇన్నేళ్లూ దిగివచ్చినవాళ్లు ఎందుకలా చెప్పారో తోక బాబాయ్‌కి అప్పుడు అర్థమైంది. ఇంత ఆయాసపడి ఎక్కాక, పైన ఏమీ లేదని ఏ మనిషి ఒప్పుకుంటాడు? అందరూ కలిసి ఆయనకు అబద్ధం చెప్పారు, ఆయన దాన్ని తీసుకెళ్లి ఆమెకు చెప్పాడు. ఆయనకు కోపం రాలేదు. గోడ వదిలి మెట్లు దిగాడు.

అరుగు దగ్గరికి వచ్చేసరికి టీ బండి ఆవిడ ఆయన వంక చూడకుండా గ్లాసులు కడుక్కుంటోంది. భార్య పక్కకు జరిగి చోటిచ్చింది.

"చూశారా?"

"చూశాను."

"మొదటిసారి కదూ." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "‘అన్నయ్య ఎప్పుడూ ఇక్కడే కూర్చుంటాడు వదినా, ఇదే ఆయన చోటు’ అంది ఈవిడ. పాపం, మంచిమాటగానే అంది."

తోక బాబాయ్ నేల చూశాడు. క్షమించమని అడగాలనుకున్నాడు. అడిగితే ఆమె మళ్లీ ఓదార్పు మాటలు చెప్పాలి, అంత ఊపిరి ఆమె దగ్గర లేదు.

"నాకేం కోపం లేదు లెండి," అందామె, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ. "ఆ వరండాలో ఆ కథ కూడా లేకపోతే నాకేముంది. నిజమో అబద్ధమో నాకెందుకు. ఇక్కడి దాకా వచ్చాను కదా, ఒకసారి చెప్పండి. ఎప్పటిలాగే."

ఆయన చేయి పట్టుకుని కళ్లు మూసుకుంది.

ఆయన నోరు తెరిచాడు. మబ్బులతో మొదలుపెట్టాలి, ఎప్పుడూ అలాగే మొదలుపెట్టేవాడు. మబ్బుల్ని తలుచుకుంటే ఇనుప వల వచ్చింది. ఊళ్లను తలుచుకుంటే క్వారీ వచ్చింది. నిన్నటిదాకా కళ్లకు కట్టినట్టు కనిపించిన కొండ, ఇప్పుడు ఎంత వెతికినా లేదు. చూడనంతకాలమే అది ఆయనది.

"బాగుంది," అన్నాడు చివరికి. "చాలా బాగుంది."

ఆమె ఇంకాసేపు కళ్లు మూసుకునే ఉంది, మిగిలింది వస్తుందేమోనని. తరువాత కళ్లు తెరిచి, ఆయన చేయి వదిలి, చీర కుచ్చెళ్లు సర్దుకుంది.

"పదండి," అంది. "మనకోసం బస్సు ఆపడం దేనికి."