గుటక మాస్టారి చుట్టాలు

గుటక మాస్టారు ఏ బీరునీ బాగుందనిగానీ బాగాలేదనిగానీ ఏనాడూ అనలేదు. ఫలానా చుట్టంలా ఉంది అనేవాడు. అదీ సరదాకి కాదు. గ్లాసు గుండెకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, న్యాయమూర్తి తీర్పు చదివినంత గంభీరంగా అనేవాడు.

బీరు కాచే ఆ చిన్న కార్ఖానాలో రుచి చూడటం ఆయన ఉద్యోగం. పీపాలు చూసుకోవడం పీపాలక్క ఉద్యోగం. వెనక గదిలో ఓక్ చెక్క పీపాలు ఎనిమిది, రెండు వరసల్లో పడుకుని ఉండేవి. వాటిని వేడినీళ్ళతో కడగడం, ఆవిరి పట్టడం, చెమ్మ కారినచోట మైనం పూయడం, లోపల సరుకు తగ్గితే నింపడం అంతా ఆమే. ఆరేళ్ళుగా అదే పని కావడంతో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆ పీపాల్లో ఉండేది సేజాన్ అనే రకం బీరు. పూర్వం పొలం పనులవాళ్ళ దాహం తీర్చడానికి కాచేవారట. తీపి తక్కువ, మిరియంలాంటి ఘాటు, వెనకాల నిమ్మతొక్క వాసన. దాన్ని చెక్క పీపాలో ఏడాది పైన వదిలేస్తే ఏ పీపాకి ఆ పీపా సొంత బుద్ధి తెచ్చుకుంటుంది. ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకని నెలకోసారి అన్నింటినీ రుచి చూడాలి.

ఆ రోజు మాస్టారు ఫ్యాను ఆపించేవాడు. కిటికీలు మూయించేవాడు. గట్టిగా నడిచినవాళ్ళని అటకాయించేవాడు. ఒకసారి యజమాని తలకి వాసన నూనె రాసుకొచ్చాడని ఆయన్నే పెరట్లోకి పంపించేశాడు.

"ఇది నా కార్ఖానా మాస్టారూ!"

"కార్ఖానా మీదే బాబూ. ముక్కు నాది. బయటుండండి."

అందరూ ఊపిరి బిగబట్టాక పీపాలక్క పీపా ముఖాన ఉన్న స్టీలు మేకుని పటకారుతో లాగేది. సన్నటి ధార రెండు గ్లాసుల్లో పడేది, మాస్టారికొకటి, తనకొకటి. చటుక్కున మేకు మళ్ళీ కొట్టేసేది. మాస్టారు వాసన చూసి, ఒక గుటక వేసి, చాలాసేపు చుట్టాల్లో వెతుక్కునేవాడు.

"ఒకటోది మా పెద్ద బావ. రాగానే నవ్వు, నాలుగు తీపి కబుర్లు. ఆ తరవాత మనిషిలో ఏమీ లేదు."

"అంటే ఇంకో మూణ్ణెల్లు ఉంచాలంటారు," అనేది పీపాలక్క.

"ఉంచాలి. రెండోది మా మేనత్త. తలుపు తీయగానే ఓ దెప్పిపొడుపు. కానీ ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఇల్లంతా పళ్ళ వాసనే."

"పులుపు సరిపోయింది. దీన్ని కదపకూడదు."

"మూడోది మా తోడల్లుడు. ఎవరింటికెళ్ళినా తన ఇంటి కలప సంగతే మాట్లాడతాడు."

"చెక్క ఎక్కువైంది. రేపే తీసేస్తాను మాస్టారూ."

ఇలా ఆరేళ్ళలో ఆ ఇంటి చుట్టాలందరూ కార్ఖానావాళ్ళకి కంఠతా వచ్చేశారు. ఒకనాడు నిజంగానే తోడల్లుడు మాస్టారిని వెతుక్కుంటూ వచ్చాడు. యజమాని ఎదురెళ్ళి, "రండి రండి, మిమ్మల్ని చాలాసార్లు తాగాం!" అనేశాడు. ఆ పెద్దమనిషి బిత్తరపోయి కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడాయన మెల్లగా చెయ్యి చాపి తలుపు మీద వేలితో కొట్టి చూసి, "ఇదేం కలపండీ?" అని అడిగాడు. పీపాలక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక గదిలోకి పరిగెత్తింది. మాస్టారు మాత్రం చిరునవ్వు కూడా నవ్వలేదు.

ఆ ఏడాది కార్ఖానా పరిస్థితి బాగాలేదు. ఎనిమిది పీపాల్లోదీ ఒక తొట్టిలో కలిపి సీసాల్లో పోయాలి. ఒక పెద్ద కంపెనీ తరఫున పరీక్ష చేసే ఆవిడ వచ్చి రుచి చూస్తుంది. ఆవిడ సరేనంటే కార్ఖానా నిలబడుతుంది. కాదంటే పద్నాలుగు నెలల శ్రమ మురుగుకాలవ పాలు, వెనక గదికి తాళం.

కలపడానికి ముందు మాస్టారు చివరిసారి రుచి చూశాడు. ఐదో పీపా దగ్గర ఆయన ముఖం విప్పారింది.

"మా పిన్ని. ఏ గుంపులో వదిలినా కలిసిపోతుంది. కలిపేయండి."

పీపాలక్క తన గ్లాసులోది ఇంకో గుటక వేసింది. గొంతు దిగాక ఎక్కడో ఒక సన్నటి ముల్లు తగిలింది. చెప్పాలా వద్దా? మాస్టారు అవునన్నదాన్ని ఆమె ఇంతవరకూ కాదనలేదు. అయినా నోరు ఆగలేదు.

"పిన్నిగారే మాస్టారూ. కానీ ఆవిడ వెనకాల ఇంకెవరో వచ్చారు. ఇంకా గడప దాటలేదు."

యజమాని మండిపడ్డాడు. "ఇప్పుడా చెప్పడం? ఒక పీపా తగ్గితే సరుకెలా సరిపోతుంది? మాస్టారు సరేనన్నారుగా!"

మాస్టారు చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. మళ్ళీ రుచి చూశాడు. నీళ్ళు పుక్కిలించి మూడోసారి చూశాడు.

"నాకు కనబడటం లేదు," అన్నాడు చివరికి. ఆ మాట అనడానికి ఆయనకి చాలా కష్టమైంది. "కానీ ఈవిడకి కనబడిందంటే ఉన్నట్టే. ఐదోది పక్కన పెట్టండి."

మర్నాడు పరీక్ష చేసే ఆవిడ వచ్చింది. ఏడు పీపాలు కలిపిన సేజాన్‌ని రుచి చూసి తలూపింది. తరవాత గబగబా ప్రశ్నలు మొదలుపెట్టింది. పీపాలక్క మాస్టారి వంక చూసింది. ఈవిడకి పెద్ద బావనీ మేనత్తనీ పరిచయం చేస్తే ఇంకేమైనా ఉందా!

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఈస్టర్లన్నాడు, ఫినాళ్ళన్నాడు, టానిన్లన్నాడు, అడవి ఈస్ట్ అన్నాడు, ఆమ్లం పాళ్ళు దశాంశాలతో సహా అప్పజెప్పాడు. ఐదోది ఎందుకు తీసేశారని ఆవిడ అడిగితే, "అసిటిక్ ఆమ్లం మొదలవుతోందని అనుమానం. పట్టింది నేను కాదు, ఈవిడ," అని పీపాలక్కని చూపించాడు. ఆవిడ ఐదోది కూడా రుచి చూసి, తనకేమీ తెలియడం లేదని భుజాలెగరేసి, కలిపినదంతా తీసుకుంటామని సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

యజమాని సంతోషంతో గదంతా తిరుగుతున్నాడు. పీపాలక్క మాత్రం కదల్లేదు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఇన్ని మాటలు వచ్చా మీకు?"

"ఏదోలేమ్మా, చదువుకున్నప్పటివి."

"మరి ఆరేళ్ళబట్టీ నాకు బావలూ పిన్నులూ ఎందుకు చెప్పారు? దీనికి అంతకంటే అర్థం కాదనేగా?"

మాస్టారు గ్లాసులు కడగడానికి పోయాడు. గ్లాసులు కడగడం ఆయన పని కాదు.

యజమాని ఆగిపోయాడు. "అక్కా, నీకు గుర్తులేదేమో. ఆయన చేరిన మొదటి రోజు ఈ మాటలే మాట్లాడారు. మేమంతా అర్థమైనట్టు తలలూపాం. నువ్వు పీపా వెనక తల దించుకుని నిలబడ్డావు. సాయంత్రం ఆయన నా దగ్గరికొచ్చి, 'రోజూ పీపాల మీద చెయ్యేసే మనిషి ఒక్క మాట మాట్లాడలేదు బాబూ, లోపం నా మాటల్లో ఉంది' అన్నారు. మర్నాటినుంచి చుట్టాలు మొదలు. అప్పట్నుంచి నువ్వు నోరు మూస్తే ఒట్టు!"

పీపాలక్క కళ్ళప్పగించి చూసింది.

"ఇంకోటి చెప్పనా? తోబుట్టువుల్లేకుండా వాళ్ళ నాన్న ఒక్కడే, వాళ్ళమ్మ ఒక్కతే, ఈయనా ఒక్కడే. పిన్నీ లేదు, మేనత్తా లేదు, బావా లేడు. తోడల్లుడొక్కడే నిజం."

పీపాలక్కకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండో పీపా మేనత్త మోకాళ్ళ నొప్పుల గురించి ఆమె నిజంగానే దిగులుపడి, రెండుసార్లు కుశలం అడిగింది కూడా. మాస్టారు రెండుసార్లూ "కాస్త నయం" అనే చెప్పాడు.

పది రోజులు గడిచాయి. ఐదో పీపా మేకు లాగగానే వెనిగర్ వాసన గుప్పుమంది. కింది పలకలో వెంట్రుకంత పగులు, అందులోంచి గాలి. అది గనక తొట్టిలో కలిసి ఉంటే సీసాలన్నీ అదే దారి పట్టేవి. యజమాని గోడకి చేరగిలబడిపోయాడు. మాస్టారు ఆ గ్లాసుని చాలాసేపు వాసన చూశాడు.

"పది రోజుల కిందటే ఉందన్నమాట," అన్నాడు నెమ్మదిగా. "నా ముక్కుకి వయసొచ్చిందమ్మా. ఇకనించి నువ్వు చెప్పు, నేను వింటాను."

"ఆ పెద్ద మాటలు కూడా నేర్పిస్తారా?"

"రోజుకొకటి చొప్పున."

ఆ సాయంత్రమే యజమాని పీపాల రుచి నమోదు చేసే కాయితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. 'రుచి చూసినవారు' అన్నచోట మొదట పీపాలక్కే సంతకం చెయ్యాలన్నాడు. ఆమె చెయ్యి తుడుచుకుని, కలం గట్టిగా పట్టుకుని, తన పూర్తి పేరు ఇంటిపేరుతో సహా ఒక్కొక్క అక్షరం గుండ్రంగా దిద్దసాగింది. సగం కాయితం నిండిపోయింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, అత్యంత గంభీరంగా వంగి చూశాడు.

"కాస్త జరిగి రాయమ్మా," అన్నాడు. "నాక్కూడా చోటు కావాలి."