థాయ్ గుడిలో విన్న మాట

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. పదకొండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. కళ్ళతో చూసిందైనా ఇంకోసారి చేసి చూస్తే గాని నమ్మను. ఎవరినో నమ్మించడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మేముండేది జర్మనీలో, హైడెల్‌బర్గ్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో. నేను, నా భార్య స్వప్న, ఎనిమిదేళ్ళ పాప తన్వి. నాది జగిత్యాల, స్వప్నది రాజమండ్రి. నాకు ఒక్కతే అక్క, పద్మ. బస్సు కండక్టర్‌గా పనిచేసేది. అమ్మ పోయాక నన్ను చదివించింది ఆమే.

రెండేళ్ళ కిందట అక్కను బ్యాంకాక్ రమ్మన్నాం. మేం ఇక్కణ్ణుంచి వెళ్ళాం, ఆమె హైదరాబాద్ నుంచి వచ్చింది. అదే ఆమె మొదటి విమాన ప్రయాణం. రాత్రి బజార్లు ఆమెకు తెగ నచ్చాయి. చెవులు పగిలేలా పాటలు పెట్టే బార్ల వీధిలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, వచ్చేపోయే జనాన్ని టికెట్ కొనని వాళ్ళను చూసినట్టు చూసేది. కొబ్బరిపాలు పోసిన జిగురన్నంలో మామిడిపండు తిని, ఇది మన పెరుగన్నం మామిడిపండే, పేరు మార్చి అమ్ముతున్నారంది. మూడు రాత్రులూ అదే తింది.

నిరుడు చలికాలంలో అక్క కాలేయం పాడైంది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంది. అప్పుడు నా పాత వీసా కార్డు గడువు అయిపోయింది, కొత్తది చేతికి రాలేదు. వెళ్తే తిరిగి రానిస్తారో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఇంకో వారం చూద్దామనుకుని ఆగాను. ఆ వారంలోనే అక్క పోయింది. దహనం ఫోన్‌లో చూశాను, ఆఫీసు క్యాంటీన్ వెనక నిలబడి.

తర్వాతి నెలలు ఎలా గడిచాయో సరిగా గుర్తులేదు. రైలు, ఆఫీసు, రైలు, మంచం. పడుకుని లేచినా పడుకోనట్టే ఉండేది. అన్నం ముందు కూర్చుంటే నాలుగు ముద్దలకే చెయ్యి ఆగిపోయేది. బెల్టుకు రెండు కొత్త చిల్లులు పొడిచాను.

స్వప్నతో పనిచేసే నొయ్ అనే థాయ్ ఆవిడ మే నెలలో ఒక ఆదివారం మమ్మల్ని వాళ్ళ గుడికి పిలిచింది. నాకు ఇల్లు కదలాలని లేదు. స్వప్న మాట కాదనే ఓపిక కూడా లేదు.

గుడి అంటే గోపురం ఏమీ లేదు. ఊరి చివర పాత వడ్రంగి షెడ్డు. గుమ్మం బయట చెప్పుల వరసలు, లోపల బంగారు రంగు బుద్ధుడు. మధ్యాహ్నం లోపే భిక్షువులు భోంచేస్తారు, మిగతావాళ్ళు ఆ తర్వాత. భోజనాలకు ముందు, పోయినవాళ్ళ పేరున చిన్న పాత్రలోంచి గిన్నెలోకి నీళ్ళు వదులుతారు, మన తర్పణం లాగే. పేర్లు రాయమని కాగితం ఇచ్చారు. అక్క పేరు స్వప్న రాసింది. నేను నీళ్ళు వదిలాను. ఏమీ అనిపించలేదు. చెయ్యి నొప్పి పుట్టింది, అంతే.

భోజనాల దగ్గర పచ్చి బొప్పాయి దంచిన వాసన, చేపల సాస్ వాసన, జనం. నేను ఖాళీ పళ్ళెంతో గోడ పక్కన చాప మీద కూర్చున్నాను. నాకు ఒక పక్క తన్వి, ఇంకో పక్క స్వప్న.

ఒక ముసలావిడ వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. పువ్వుల ఏప్రన్, ఒక బంగారు పన్ను. అల్లం తురుము వేసిన అన్నం గంజి గిన్నె నా ముందు పెట్టి, భుజం మీద చెయ్యి వేసి అంది.

"రాకుంటే రాకపోతివి తీ, చిన్నోడా. ముందుగాల బువ్వ తిను."

గొంతు అక్కది కాదు. అది ఆ ముసలావిడ గొంతే, కాస్త బొంగురు. మాట మాత్రం జగిత్యాల మాట, పిలుపు అక్క నన్ను పిలిచే పిలుపు. నేను తలెత్తేసరికి ఆవిడ వెనక్కి వెళ్ళి వేరేవాళ్ళకు వడ్డిస్తోంది. నేను గంజి తిన్నాను. గిన్నె ఖాళీ అయ్యాక ఇంకోసారి పెట్టించుకున్నాను.

బస్‌స్టాపులో తన్వి జర్మన్‌లో అడిగింది, ఆ ముసలావిడ నిన్ను అలా ఎందుకు పిలిచిందని. ఒక్క ముక్క మాత్రం తెలుగులో ఉంది. "చిన్నోడా."

స్వప్న మా ఇద్దరినీ వింతగా చూసింది. "ఆవిడ థాయ్‌లో ఏదో అందండీ. నేను పక్కనే ఉన్నాగా," అంది.

ఇక్కడ, అప్పటిదాకా స్వప్నకు కూడా చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. అక్క పోవడానికి నాలుగు రోజుల ముందు ఆసుపత్రి నుంచి నాకు వాయిస్ మెసేజ్ పంపింది. పద్దెనిమిది సెకన్లు. నేను వినలేదు. ఎందుకు రాలేదని అడుగుతుందేమోనని భయం. ఐదు నెలలు అలాగే ఉంచాను. వినలేదని చూపించే గుర్తు మారకుండా అలాగే ఉంది. ఆ రోజు ఇంటికి వెళ్ళాక దాన్ని స్వప్నకు చూపించి, ఆమె పక్కనుండగానే నొక్కాను.

మొదట ఏదో బండి చక్రాల చప్పుడు. ఆయాసం. తర్వాత అక్క గొంతు. రాకుంటే రాకపోతివి తీ, చిన్నోడా. ముందుగాల బువ్వ తిను. ఆ తర్వాత మాట లేదు, చివరిదాకా ఊపిరి చప్పుడే.

స్వప్న మంచం మీద కూర్చుండిపోయింది.

తర్వాత నొయ్ చేత ఆ ముసలావిణ్ణి అడిగించాను. ఆవిడ నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉంది, లాండ్రీలో పనిచేసి రిటైరైంది. తెలుగు అనే భాష ఉందనే తెలియదట. అందరికీ చెప్పేదే చెప్పాను, వేడి మీద తినమన్నాను అందట. తప్పుగా ఏమైనా అన్నానా అని బాధపడిందట. మళ్ళీ వెళ్ళాను. నవ్వి, గంజి పెట్టింది. థాయ్‌లోనే మాట్లాడింది.

అలసిన బుర్ర ఏదైనా వింటుంది, నిజమే. నా ఒక్కడికే వినిపించి ఉంటే అలాగే అనుకుని ఊరుకునేవాణ్ణి. చిన్నోడా అన్నది బ్యాంకాక్‌లో అత్త నోట విని పాప గుర్తుపెట్టుకుందేమో అంటుంది స్వప్న. కావచ్చు. నేను మెసేజ్ పాపకు ఎప్పుడూ వినిపించలేదు. అలాంటి మెసేజ్ ఉందని కూడా పాపకు చెప్పలేదు.

ఇప్పుడు తింటున్నాను. నిద్ర మాత్రం ఇంకా సరిగా పట్టడం లేదు. మొన్న వంటింట్లో గిన్నెలు తుడుస్తూ తన్వి అడిగింది, "నాన్నా, ముందుగాల అంటే ఏంటి?" అని. మా ఇంట్లో ఆ మాట వాడం. ఎక్కడ విన్నావంటే, ఆ గుడిలో ముసలావిడ అంది కదా అంది.

ముందు అని అర్థం అని చెప్పాను.