కప్పు ఊపకపోతే ఇంకో చుట్టు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది సెప్టెంబరులో క్లబ్బువాళ్ళు నన్ను మస్కట్ నుంచి సముద్రతీరంలోని ఖురియాత్ ఊరికి వేశారు. మాది ఒక ప్రైవేటు క్రీడా క్లబ్బు. నా హోదా ఫిట్‌నెస్ కోచ్, అంటే అసలు కోచ్ కంటే ఒక మెట్టు కింద, డ్రైవర్ కంటే అర మెట్టు పైన. అంతకుముందు సైన్యంలో పి.టి. ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. ఎప్పుడో రెండు చలికాలాలు కాశ్మీరులో జవాన్లకు స్కీయింగ్ నేర్పానని ఉద్యోగ దరఖాస్తులో ఒక వాక్యం రాసుకున్నాను. విజయనగరం వాడు మంచు చూశాడంటే గొప్పగా ఉంటుందని రాసిన వాక్యం అది. అదే నా కొంప ముంచింది.

ఖురియాత్‌లో నాకు అప్పగించిన మనిషి సలీం. సముద్రం మీద బతికే కుటుంబంలో పుట్టి, చదువుకోసం చలిదేశం వెళ్ళి, అక్కడ క్రాస్ కంట్రీ స్కీయింగ్ నేర్చుకొచ్చాడు. ఇది నేను కాశ్మీరులో నేర్పినట్టు కొండ మీంచి జర్రున జారే ఆట కాదు. రెండు కర్రలు మంచులో పొడుచుకుంటూ, మైళ్ళ కొద్దీ సొంత బలంతో సాగిపోవడం. జనవరిలో అక్కడ జరిగే పెద్ద పందెంలో పాల్గొనాలన్నది అతని కోరిక. క్లబ్బు పంపుతానంది, కానీ ఒక షరతు పెట్టింది. నవంబరు చివర్లో ఖురియాత్ తీరం రోడ్డు మీద ఎనిమిది చుట్లు గడువులోపల పూర్తిచేయాలి. చేయకపోతే ప్రయాణం లేదు. వచ్చే ఏడు చూద్దామనుకోవడానికీ వీల్లేదు, ఈ చలికాలం దాటితే ఉద్యోగంలో చేరతానని ఇంట్లో మాటిచ్చేశాడు.

మంచు లేని కాలంలో ఈ ఆటగాళ్ళు చక్రాల స్కీల మీద సాధన చేస్తారు. మూరన్నర పొడవుండే సన్నటి పట్టీకి ముందో చక్రం, వెనకో చక్రం ఉంటాయి. బూటు మునివేళ్ళ దగ్గరే బిగిస్తారు, మడమ లేస్తూ ఉండాలి. బ్రేకులుండవు. ఈ చివరి సంగతి నేను పుస్తకంలో చదివాను గానీ మనసుకెక్కించుకోలేదు.

మేము అసర్ నమాజు అయ్యాక, ఎండ కొంచెం దిగినప్పుడు మొదలుపెట్టేవాళ్ళం. సలీం ముందు, వెనక పికప్‌లో నేను, స్టీరింగ్ దగ్గర జగిత్యాల రాజన్న. నేను కిటికీలోంచి తల బయటపెట్టి ఉత్సాహం నూరిపోసేవాణ్ణి. పట్టుదల, క్రమశిక్షణ, సైనికుడి గుండె, అన్నీ వచ్చేవి. ఏసీ బండిలో కూర్చుని చెబుతున్నానన్న స్పృహ మాత్రం ఉండేది కాదు.

రాజన్న ఒకరోజు అననే అన్నాడు. "సార్, మీరు జెప్పేది మస్తుగుంది. గని అద్దం ఎక్కిచ్చి చెప్పుండ్రి, చల్లగాలంత బయటికి పోతాంది."

అక్టోబరు వచ్చేసరికి సలీం నీరసపడ్డాడు. కర్రల మొనలు అరిగిపోయాయని ఒకరోజు, చక్రాలు వేడెక్కాయని ఒకరోజు. గట్టిగా అడిగితే హిందీలో ఒక్క మాటే చెప్పాడు. "మంచు మీద పక్కన పదిమంది ఉంటారు కోచ్ సాబ్. ఇక్కడ నన్ను మేకలు చూస్తున్నాయి."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు, కారణం వెతికి పట్టుకున్నాననుకున్నాను. ఆ కారణం పేరు కాఫీ. సలీం తాత హమద్ పాత జాలరి. రోజూ సాయంత్రం రోడ్డు పక్కన ఇంటి ముందు చాప వేసుకుని, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళతో, కహ్వా అనే అరబ్బు కాఫీ కూజా, ఖర్జూరాలు పెట్టుకుని కూర్చునేవాడు. మనవడు కనబడగానే కప్పు చాచేవాడు. సలీం ఆగేవాడు. ప్రతి చుట్టుకీ ఆగేవాడు. ఆగిన ఒళ్ళు చల్లబడేది, మళ్ళీ లేచేసరికి సూర్యుడు దిగిపోయేవాడు. నేను హవల్దారు గొంతుతో ఆర్డరు వేశాను: డ్యూటీలో కాఫీ లేదు, తాత పిలిచినా ఆగకూడదు.

సలీం ఆ ఆర్డరు పాటించాడు. తాత చాచిన కప్పు ముందునుంచి తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే రావడం మానేశాడు, ఫోను కూడా ఎత్తలేదు.

"ముసలాయన మొఖం మీరు జూడలే సార్," అన్నాడు రాజన్న. "నడుండ్రి, పోయి మాట్లాడుదాం. బండి నేను దీస్త, తిట్లు మీరు తినుండ్రి."

వెళ్ళాం. తాత తిట్టలేదు, చాప మీద చోటు చూపించి కాఫీ పోశాడు. పిడిలేని చిన్న కప్పు, అడుగున రెండు గుక్కలు. తాగి కప్పు తిరిగిచ్చాను. మళ్ళీ పోశాడు. మర్యాద కదా అని తాగాను. మళ్ళీ పోశాడు. కూజా సగమైంది, నా గుండె డప్పు వాయిస్తోంది. చాలని చెప్పాలంటే కప్పును ఇటూ అటూ చిన్నగా ఊపి ఇవ్వాలట. ఊపకపోతే ఇంకా కావాలని అర్థం. రాజన్నకు ఆ సంగతి తెలుసు. తమాషా చూద్దామని చెప్పలేదని తర్వాత బండిలో ఒప్పుకున్నాడు.

కప్పు ఊపడం నేర్చుకున్నాక, ఇంట్లోంచి వచ్చి కూర్చున్న సలీం ద్వారా క్షమాపణ చెప్పాను. తాత విన్నాడు. తర్వాత అరబీలో ఏదో అడిగాడు, సలీం నేల చూస్తూ హిందీలోకి మార్చాడు. "ఆ చక్రాలు మీరెప్పుడు కట్టుకుంటారని అడుగుతున్నాడు."

కడుపునిండా కాఫీ ఉన్న మనిషి ఏ మాటైనా అంటాడు. రేపే అన్నాను.

మర్నాడు ముసలివాళ్ళంతా ముందే వచ్చి కూర్చున్నారు. ఆ ఇంటికి ముందు రోడ్డు కొంచెం పల్లం. పుస్తకంలో చదివిన బ్రేకుల సంగతి అక్కడ గుర్తొచ్చింది. కర్రలు ఒకవైపు, నేను ఒకవైపు పోయి, రోడ్డు పక్కన ఆరబెట్టిన చేపల వలలో పడ్డాను. కాళ్ళూ చక్రాలూ వలలో చిక్కుకున్నాయి. నలుగురు కలిసి నన్ను విడదీశారు. ఎంత చేప పడిందని ఒకాయన అడిగాడట, తాత కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. సలీం కూడా నవ్వాడు. మానేశాక అతను నవ్వడం అదే మొదటిసారి. నాకు మోకాలు మండుతున్నా ఎక్కడో సంతోషమేసింది.

పడినచోట కూర్చుని ఉండగా తట్టింది. ఈ పందేల్లో ఫీడింగ్ అని ఒక పద్ధతి ఉంటుంది. దారి పక్కన మనిషి నిలబడి పానీయం అందిస్తాడు, ఆటగాడు వేగం తగ్గించి అందుకుని తాగి సాగిపోతాడు. నియమాలకు లోబడిన పద్ధతే. చాప మీద కూర్చున్న తాతను నిలబెడితే చాలు. ఆ సాయంత్రమే ఆయన్ను మా ఫీడింగ్ మనిషిగా నియమించాను. జీతం లేని ఉద్యోగానికి ఆయన మర్నాడు ఉతికిన దుస్తులతో వచ్చాడు.

మిగతా నియమం వాళ్ళ ఆచారమే ఇచ్చింది. కప్పు ఊపి ఇస్తే ఇవాళ్టికి చాలు. ఊపకుండా ఇస్తే ఇంకో చుట్టు. సలీం ఊపడం రోజురోజుకీ ఆలస్యమైంది. నా వెర్రి పాట్లు చూడటానికి వచ్చే జనం పెరిగారు, కుర్చీలు కూడా వచ్చాయి. నేను మొదటి చుట్టుకే కప్పు తెగ ఊపేవాణ్ణి. తాత సముద్రం వైపు చూస్తూ మళ్ళీ పోసేవాడు. నాకు నడుం వంచడం, కర్రలు రెండూ ఒకేసారి పొడవడం సలీమే నేర్పాడు. పాఠం చెప్పాలి కాబట్టి ఒక్కరోజూ మానలేదు.

పరీక్ష రోజు క్లబ్బు మేనేజరు గడియారంతో మస్కట్ నుంచి వచ్చాడు. ఆరు చుట్లు బాగానే నడిచాయి. ఏడోది తిరిగొచ్చేసరికి సలీం ముఖం పాలిపోయింది, కర్రలు మణికట్లకు వేలాడుతున్నాయి. తాత కప్పు అందించాడు. సలీం తాగాడు. తిరిగివ్వబోతే చెయ్యి వణుకుతోంది. కావాలని ఊపడం కాదు, అలసట. కానీ కప్పు కదులుతూనే ఉంది. కుర్చీల్లోవాళ్ళు లేచి నిలబడ్డారు. తాత చెయ్యి చాచలేదు, మనవడి చేతినే చూస్తూ నిలబడ్డాడు. నా నోట్లో సైన్యంలో నేర్చుకున్న ఉపన్యాసాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. నోరు మూసుకున్నాను.

సలీం రెండో చెయ్యి కూడా తెచ్చి కప్పును గట్టిగా పట్టుకున్నాడు. కదలడం ఆగాక తాత చేతిలో పెట్టి, ఎనిమిదో చుట్టుకు వెళ్ళిపోయాడు.

గడువులోపలే వచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. ఉప్పుగాలి అన్నాను, రాజన్న నమ్మలేదు. జనవరి పందెంలో సలీం చివరివాళ్ళలో ఒకడిగా గీత దాటాడు. ఫోను చేసి, దారి పక్కన ఇచ్చిన పానీయం తియ్యటి నీళ్ళలా ఉందని ఫిర్యాదు చేశాడు.

ఆ తర్వాత క్లబ్బులో కూడా రిటైరయ్యేదాకా కొత్త కోచ్‌లకు నేను చెప్పిన మొదటి పాఠం ఒకటే. శిక్షణ దారి గీసేముందు ఆ దారి పక్కన రోజూ ఎవరు కూర్చుంటారో చూడండి, వాళ్ళను లేపకండి. రెండోది, బ్రేకుల పేజీ శ్రద్ధగా చదవండి.