ముక్కు పక్క నుంచి కంటి వెనక్కి

మా అన్న వేములపల్లి చుట్టుపక్కల వరికోత మిషన్ నడుపుతాడు. ఒక కోతల కాలంలో ఆయన ముక్కు పక్కన సెగ్గడ్డ లేచింది. బండి అద్దంలో చూసుకుంటూ గోళ్లతో పిండేసి, మళ్లీ పనిలోకి దిగాడట. ఒకట్రెండు రోజుల్లోనే చలిజ్వరం, భరించలేని తలనొప్పి. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. మిర్యాలగూడలో చూసిన డాక్టరు ఆలస్యం చేయకుండా సూర్యాపేట తీసుకుపొమ్మన్నాడట. వదిన ఫోన్ చేస్తే నేను కోదాడ నుంచి నేరుగా అక్కడి దవాఖానకే వెళ్లాను.

డాక్టరమ్మ వాచిన రెప్పను మెల్లగా ఎత్తి పట్టుకుంది. తల కదపకుండా తన వేలినే చూడమంది. కుడి కన్ను వేలి వెంట పోయింది. ఎడమది బయటి వైపుకు తిరగలేదు. ముక్కు పక్కన లేచిన గడ్డకు కన్నెందుకు ఆగిపోయిందో నాకు అంతుపట్టలేదు.

"గడ్డను పిండిండ్రా?" అని అడిగింది. అన్న అవునన్నట్టు గొణిగాడు.

ఆమె మా వైపు తిరిగి, తన ముఖం మీదే కనుబొమల నడుమ నుంచి పెదవుల రెండు కొసల దాకా వేలితో గీసి చూపింది. "గీ జాగల రక్తనాళాలు కంటి ఎనకనుంచి మెదడు దిక్కు పోతయ్. ఇక్కడ రక్తం ఎటన్నా పారుతది, బయటికే కాదు లోపలికి గూడ."

చీము ఆ దారినే లోపలికి పోయిందనీ, కంటి వెనక రక్తం గడ్డకట్టి, కన్ను తిప్పే నరాన్ని నొక్కుతోందనీ చెప్పింది. స్కానింగ్‌లోనూ అదే తేలింది.

"బతుకుతడా మేడం?" అంది వదిన.

"టైముకే తెచ్చిండ్రు. ఇగ మందు పనిచెయ్యాలె."

అన్నకు సెలైన్‌లో మందు ఎక్కుతుంటే బయట బెంచీ మీద కూర్చుని నా ముక్కు పక్కన తడుముకున్నాను. మెత్తటి చర్మం, అంతే. రోజూ పౌడరు అద్దుకునే చోటు. దాని కింద ఇంత లోతైన తోవ ఉందట. వదిన కొంగుతో మొహం తుడుచుకుంటుంటే ఆమె ముఖాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాను.

జ్వరం దిగింది. వాపు తగ్గుతూ వచ్చింది. ఒక పొద్దున డాక్టరమ్మ మళ్లీ వేలు కదిపితే, ఎడమ కన్ను కొంచెం, చాలా కొంచెం, బయటికి తిరిగింది.

అన్న నన్ను చూసి, "ఇద్దరు చెల్లెండ్లు కనబడుతున్నరు," అన్నాడు.

ఆయన కంటికి ఆ ఇద్దరూ ఒక్కరయ్యేసరికి నెలలు పట్టింది.