రంగుల వరసలో పెట్టుబడి చీరలు

పెద్దాపురంలో మేం అద్దెకుండే ఇంటి కింది వాటాలో వెంకటసుబ్బారావు గారి కుటుంబం ఉంటుంది. ఆయనకి బజార్లో కిరాణా కొట్టు. ఆయన భార్య అమ్మణ్ణి గారికి పడకగదిలోని అలమరే రాజ్యం. అందులో ఒక అర నిండా పెట్టుబడి చీరలు. పెళ్ళికో పేరంటానికో వెళ్ళినప్పుడు ఎవరెవరో బొట్టు పెట్టి చేతికిచ్చినవి, మళ్ళీ ఇంకెవరికో పెట్టడానికి దాచినవి. మా వైపు ఏ ఇంట్లోనైనా ఇవి ఇలా తిరుగుతూనే ఉంటాయి. అందులో తప్పు లేదు. తప్పల్లా పెట్టిన వాళ్ళకే ఆ చీర తిరిగి వెళ్ళడం. అలా వెళ్ళిందంటే, నీ చీర మా ఒంటికి పనికిరాదు అని మొహం మీద చెప్పినట్టే.

ఆ తప్పు అమ్మణ్ణి గారు ఎన్నడూ చెయ్యలేదు. పుట్టింటి వాళ్ళు పెట్టినవి ఎడమ దొంతర, అత్తింటి వాళ్ళవి మధ్య దొంతర, కూతుర్నిచ్చిన రాజమండ్రి వాళ్ళవి కుడి చివర. వాటి మధ్య ఊళ్ళో వాళ్ళవి. రంగూ అంచూ ఆవిడ గుర్తుపెట్టుకోరు, చోటు గుర్తుపెట్టుకుంటారు. "కరెంటు పోయినా సరే, చెయ్యి పెట్టి ఎవరిదో చెప్పేస్తానండీ" అని మాతో చాలాసార్లు అన్నారు.

అలాంటి మనిషి తన కోడలి తల్లికి ఆవిడ పెట్టిన చీరే తిరిగి పెట్టారు. పొరపాటున కాదు.

కోడలి పేరు సాయిప్రసన్న. కెమిస్ట్రీలో డిగ్రీ చేసింది. వాళ్ళమ్మ పాపాయమ్మ గారూ నాన్నగారూ తుని బస్టాండు దగ్గర చిన్న గాజుల కొట్టు నడుపుతారు. కూతురి పెళ్ళికి పాపాయమ్మ గారు ఉప్పాడ వెళ్ళి, మగ్గం దగ్గర నిలబడి, ముద్దబంతి రంగు చెప్పి చీర నేయించుకొచ్చి వియ్యపురాలికి పెట్టారు. మనవరాలు హారతి అన్నప్రాసన రోజున, ముందు గది నిండా చుట్టాలుండగా, అమ్మణ్ణి గారు ఆ చీరనే పళ్ళెంలో పెట్టి అందించారు.

"ఎక్కడో చూసినట్టుందా వదినగారూ? మడత కూడా విప్పలేదులెండి. మా ఇంట్లో ఇలాంటివి ఎవరూ కట్టరు" అన్నారు నవ్వుతూ.

ఎవరో కిసుక్కుమన్నారు. పాపాయమ్మ గారు చీర కళ్ళకద్దుకుని, పిల్ల నోట్లో ఇంకో ముద్ద పాయసం పెట్టి, భోజనం చెయ్యకుండానే తుని బస్సెక్కారు. ఆ తర్వాత మళ్ళీ గుమ్మం తొక్కలేదు. ఫోన్‌లో కీళ్ళ నొప్పులంటారు. హారతి పాకింది, గోడ పట్టుకుని నిలబడింది. అమ్మమ్మ అవన్నీ వీడియోలోనే చూసింది.

ప్రసన్న భర్త ఉదయ్‌భాస్కర్‌తో చెప్పుకుంది. "మా అమ్మ నోరే అంతేనే, వదిలెయ్" అన్నాడతను. ప్రసన్న వదలలేదు. పైకి ఒక్క మాటా అనలేదు. మా ఆవిడ దగ్గర మాత్రం, "ఆవిడకి కూడా ఒక్కసారి నలుగురిలో అలా గొంతు పట్టెయ్యాలండీ. అప్పటిదాకా నాకు అన్నం సయించదు" అంది.

దారి పిల్లే చూపించింది. ఒక రోజు హారతి అలమర కింద దొరికిన కలరా ఉండ నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. ప్రసన్న కేకకి మేం పైనుంచి పరుగెత్తుకొచ్చాం. ఉండ ఇంకా చేతిలోనే ఉంది. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ పిల్లల రక్తానికి ఎంత చెరుపో నాకూ తెలుసు. మా వాడిదీ అదే వయసు. ఆ రాత్రి నేను మా ఇంట్లో ప్రతి మూలా టార్చి వేసి వెతికాను.

మర్నాడు ప్రసన్న అత్తగారి ముందు నిలబడింది. "అత్తయ్యగారూ, ఆ ఉండలన్నీ తీసేసి అలమర శుభ్రంగా సర్దుతానండి. పిల్ల తిరిగే ఇల్లు."

"సర్దవే తల్లీ. ఫోన్‌లో అందరి అలమరలూ చూస్తావుగా, మనదీ అలా చేసి చూపించు" అన్నారు అమ్మణ్ణి గారు. మనవరాలి విషయంలో ఆవిడకీ గుండె దడే.

ప్రసన్న బట్టలన్నీ మంచం మీద గుట్ట పోసింది. అరలు తుడిచి ఎండబెట్టింది. కలరా ఉండల బదులు లవంగాలూ ఎండు వేపాకూ పల్చటి గుడ్డలో మూటలు కట్టింది. మామగారి చొక్కాలు ఒకే వైపు తిరిగిన హ్యాంగర్లకి వేసింది. తువ్వాళ్ళు చుట్టి వెదురు బుట్టల్లో నిలబెట్టింది. తలుపు తీస్తే వెలిగేలా లోపల సన్నటి లైటు పెట్టించింది. చివరగా పెట్టుబడి చీరల అర. ఎడమ, మధ్య, కుడి దొంతరలు మూడూ కలిపేసింది. అన్నిటినీ ఒకే కొలతకి మడిచి, ఊదా నుంచి ఎరుపు దాకా ఇంద్రధనుస్సు వరసలో నిలువుగా పేర్చింది. రాజమండ్రి వాళ్ళు పెట్టిన చిలకపచ్చ పట్టుచీర ఆకుపచ్చల్లో అందరి కంటా పడేలా ముందుకొచ్చింది.

అమ్మణ్ణి గారు తలుపు తీసి నోరు తెరిచారు. "అబ్బ! షాపింగ్ మాల్లా ఉందే!" వెంటనే ఫొటోలు తీసి చుట్టాల గ్రూపులో పెట్టారు. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. రెండు రోజులయ్యాక మాత్రం కాస్త అనుమానం వచ్చినట్టుంది.

"ఏమే, ఎవరివి ఎక్కడున్నాయో తెలియట్లేదేంటి?"

"అన్నీ ఉన్నాయండి అత్తయ్యగారూ. ఒక్కటీ తగ్గలేదు."

అది నిజమే. తగ్గలేదు.

ఆషాఢం వచ్చింది. నెల్లాళ్ళు పైగా సాగే మరిడమ్మ జాతరకి చుట్టాలు దిగారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మణ్ణి గారి కూతురి అత్తగారు, అందరూ రాజమండ్రి వదినగారనే ఆవిడ, బయల్దేరడానికి లేచారు. వాళ్ళకి పెద్ద బట్టల షాపు. అమ్మణ్ణి గారు హడావిడిగా అలమర తీశారు. చెయ్యి అలవాటుగా ఎడమవైపుకి, పుట్టింటి దొంతర ఉండే చోటికి వెళ్ళి గాల్లో ఆగింది. అక్కడ ఊదా రంగులున్నాయి. వెనక అందరూ చూస్తున్నారు. కంటికింపుగా కనబడిన చిలకపచ్చ చీర లాగారు. ప్రసన్న పక్కనే పసుపూ కుంకుమా పళ్ళెం పట్టుకుని ఉంది. నోరు విప్పలేదు.

రాజమండ్రి వదినగారు బొట్టు పెట్టించుకుని, చీర అందుకుని, అలవాటు కొద్దీ అంచు తిప్పి చూశారు. వాళ్ళ షాపు స్టిక్కరు ఇంకా ఊడలేదు.

"బాగుందండీ వదినగారూ! మా సరుకు మాకే వాపసు. నచ్చకపోతే అప్పుడే చెప్పాల్సింది, మార్చి ఇచ్చేవాళ్ళంగా" అన్నారు, గది మొత్తానికీ వినబడేలా.

"అయ్యో, కాదండీ, కోడలు సర్ది..." అమ్మణ్ణి గారి మాట గొంతులోనే ఉండిపోయింది. పొద్దున్నే బొట్టూ చీరా అందుకుని ఇంకా సంచి సర్దుకోని ఆడవాళ్ళు తమకి పెట్టిన చీరలు కూడా తిప్పి చూసుకోవడం మొదలుపెట్టారు. అందులో ఇంకొకావిడ కూడా తన చీర గుర్తుపట్టింది.

చుట్టాలు వెళ్ళిపోయాక అమ్మణ్ణి గారు మంచం మీద కూలబడ్డారు. కళ్ళ నిండా నీళ్ళు. "నీకు తెలుసు. చీర లాగుతున్నప్పుడు నీకు తెలుసు, అవునా?"

"తెలుసండి."

"రేపట్నుంచి నా కూతురు ఆ ఇంట్లో ఎన్ని మాటలు పడుతుందో తెలుసా?"

"మా అమ్మ కూతురు ఈ ఇంట్లో ఏం పడిందో అది తెలుసండి."

ఆడపడుచు సంగతి తను ముందు ఆలోచించలేదని ప్రసన్న తర్వాత మా ఆవిడతో ఒప్పుకుంది. ఆలోచించి ఉంటే ఆగేదానివా అంటే, లేదంది.

అమ్మణ్ణి గారు చాలాసేపు ఏడ్చారు. చివరికి ముక్కు తుడుచుకుని, "సరే, సరిపోయిందా నీకు?" అన్నారు.

"లేదండి. మా అమ్మని మీరు పిలవాలి. ఫోన్లో కాదు. తుని వెళ్ళి."

వెంకటసుబ్బారావు గారు పేపరు దించి, "వెళ్ళు, అమ్మణ్ణీ" అన్నారు. ఆయన ఆ ఇంట్లో ఏదైనా తేల్చి చెప్పడం నేను విన్నది అదొక్కసారే. నేనప్పుడు మెట్ల మీద మా వాడికి చెప్పులు తొడుగుతున్నాను.

ఆ గురువారం అత్తా కోడలూ పిల్లతో తుని వెళ్ళారు. అమ్మణ్ణి గారు బజార్లో కొత్తగా కొన్న ఖరీదైన పట్టుచీర చేతిసంచిలో పెట్టుకున్నారు. గాజుల కొట్టు ముందు ఒకే స్టూలు. పాపాయమ్మ గారు దాన్ని తుడిచి వేశారు. అమ్మణ్ణి గారు కూర్చోలేదు.

"జాతర అయ్యేలోపు మా ఇంటికి రావాలి వదినగారూ. ఆ రోజు నేను అలా చేసుండకూడదు. అన్నదీ తప్పే."

పాపాయమ్మ గారు హారతిని అందుకుని ఎత్తుకున్నారు. పిల్ల ముందు కొత్త చేసి మొహం తిప్పుకుంది, తర్వాత ఆవిడ మెడలో గొలుసు పట్టుకుంది.

"రాకుండా ఎలా ఉంటానండీ, నా మనవరాలుంటే! వస్తాను. ఒక్క మాట మటుకు, ఏమీ అనుకోకండి వదినగారూ. ఇక నుంచి నాకు చీర పెట్టకండి. బొట్టు పెట్టండి చాలు."

గొంతులో కోపం లేదు. సంచిలోకి వెళ్ళిన అమ్మణ్ణి గారి చెయ్యి అక్కడే ఆగిపోయింది. పక్కన గాజులు చూస్తున్న ఇద్దరాడవాళ్ళు తలెత్తి ఆవిడ వైపు చూశారు.

"అలా అంటే ఎలాగండీ..."

"అంతేనండి" అని పాపాయమ్మ గారు మనవరాల్ని చంకనేసుకుని ఆ ఇద్దరికీ గాజుల సైజు చూడ్డానికి వెళ్ళారు.

ప్రసన్న అత్తగారి చెయ్యి సంచిలోంచి ఖాళీగా బయటికొచ్చే దాకా కళ్ళు తిప్పలేదు. తర్వాత స్టూలు ఆవిడ దగ్గరికి జరిపింది. "కూర్చోండి అత్తయ్యగారూ. ఇప్పుడు సరిపోయింది."